హరితగృహ ప్రభావం ప్రయోగం: తేడా ఎందుకు రావట్లేదు, ఎలా చేస్తే వస్తుంది

"రెండు సీసాలు తీసుకున్నాం. ఒకదాంట్లో కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ కోసం వంట సోడా, వెనిగర్ కలిపాం. రెండూ ఎండలో పెట్టాం. తేడా రాలేదు, ఏం చేయాలి?" సైన్స్ ఫెయిర్ దగ్గర పడుతుంటే ఉపాధ్యాయులూ, హైస్కూలు పిల్లలూ అడిగే ప్రశ్న ఇదే. కొందరికి ఫలితం తిరగబడుతుంది, గ్యాస్ ఉన్న సీసాయే చల్లగా ఉంటుంది. ఇంకొందరికి తేడా బ్రహ్మాండంగా వస్తుంది కానీ, దానికి కారణం వాళ్లు చార్టు మీద రాసింది కాదు.

సీసాల ప్రయోగం ఎందుకు మోసం చేస్తుందో కాసేపాగి చూద్దాం. ముందుగా, నమ్మకంగా పనిచేసేవి మూడు చెబుతాం. ఇవి ఒక్కొక్కటి ఒక్కో విషయాన్నే చూపిస్తాయి. ఏది చూపించిందో అదే పిల్లలకు చెప్పండి, అంతకు మించి చెప్పకండి.

ముందు తెలియాల్సింది ఇంతే

ఎండ తగిలి నేల వేడెక్కుతుంది. వేడెక్కిన నేల కంటికి కనపడని పరారుణ కిరణాలను వదులుతుంది. గాలిలోని నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ లాంటివి ఎండను చాలావరకు రానిస్తాయి కానీ, కింది నుంచి వెళ్లే పరారుణ కిరణాల్లో ఎక్కువ భాగాన్ని పీల్చుకుని మళ్లీ అన్ని వైపులకూ వదులుతాయి. అందులో కొంత నేలకు తిరిగొస్తుంది. అందుకే భూమి సగటు ఉష్ణోగ్రత సుమారు 15 డిగ్రీలు. ఈ వాయువులే లేకుంటే మైనస్ 18 దగ్గర ఉండేది. (ఇక్కడ డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనే.)

ప్రయోగం 1: మూడు పెట్టెలు

కావలసినవి:

- ఒకే సైజు బూట్ల అట్టపెట్టెలు మూడు
- నల్ల చార్టు, రెండు షీట్లు
- పెట్టెల కింద వేయడానికి 2 సెం.మీ. మందం థర్మోకోల్
- కిటికీ అద్దం ఒకటి. 4 మి.మీ. మందం, పెట్టె మూతి కన్నా నాలుగు వైపులా 1 సెం.మీ. ఎక్కువ. ఫోటో ఫ్రేములు కట్టే షాపులో కోసిస్తారు. అంచులు నూరించండి, లేదా టేపు చుట్టండి. కోసిన గాజు అంచు బ్లేడుతో సమానం.
- పలచని, మెత్తని, పారదర్శక పాలిథిన్ షీటు. చేత్తో నలిపితే గరగరలాడేది వద్దు.
- థర్మామీటర్లు మూడు, 110 డిగ్రీల వరకు చూపే ల్యాబ్ రకం, ఎర్ర ఆల్కహాల్‌వి. పాదరసం వద్దు.
- అల్యూమినియం ఫాయిల్, వెడల్పు సెల్లోటేపు, గడియారం

జ్వరం చూసే థర్మామీటరు పనికిరాదు. దాని కొలత 35 నుంచి 42 డిగ్రీలు మాత్రమే, అంతకు మించితే పగిలిపోవచ్చు. 50 డిగ్రీలతో ఆగిపోయే గోడ థర్మామీటర్లు కూడా వద్దు, ఎండలో గాజు పెట్టె అంతకు మించి పోతుంది. వైరు చివర ప్రోబ్ ఉండే చిన్న డిజిటల్ థర్మామీటర్లు బాగానే పనిచేస్తాయి కానీ 70తో ఆగిపోయేవీ ఉన్నాయి, కొనేముందు అట్ట మీద చూడండి. వాటి డిస్‌ప్లేను నీడలో ఉంచాలి, లేకపోతే ఎండకు నల్లబడి అంకెలు కనపడవు.

చేసే పద్ధతి:

1. థర్మామీటర్లను సరిచూడండి. మూడింటినీ ఒకే చెంబు నీళ్లలో అయిదు నిమిషాలు ఉంచి రీడింగులు రాయండి. ఒకటి 29, ఇంకొకటి 30 చూపితే ఆ ఒక డిగ్రీని ఆ థర్మామీటరు పేరు మీద రాసుకుని, తర్వాత ప్రతి రీడింగులోనూ సరిచేయండి. దీన్ని వదిలేస్తే కింద చేసే పనంతా వృథా.

2. పెట్టెల లోపల అడుగునా, గోడలకూ నల్ల చార్టు అతికించండి. జిగురు తడి పూర్తిగా ఆరాలి. తడి ఉంటే ఆవిరై గాజు మీద మంచులా పడుతుంది, ఎండ తగ్గిపోతుంది.

3. ప్రతి పెట్టెకూ పొట్టి గోడలో, అడుగు నుంచి 3 సెం.మీ. ఎత్తున ఒక రంధ్రం చేసి థర్మామీటరు దూర్చండి. కొలిచే బల్బు లోపల మధ్యకు రావాలి, స్కేలు బయట కనపడాలి. నల్ల కాగితానికి తగలకూడదు. రంధ్రం చుట్టూ టేపు వేయండి.

4. బల్బు పైన ఫాయిల్‌తో చిన్న గుడారంలాంటి గొడుగు పెట్టండి, రెండు చివర్లూ తెరిచి ఉండాలి. ఎక్కువమంది వదిలేసే మెట్టు ఇది. గొడుగు లేకపోతే ఎండ నేరుగా బల్బు మీద పడి, గాలి వేడికి బదులు బల్బు వేడినే చూపిస్తుంది. అప్పుడు మూడు పెట్టెల మధ్య తేడా తగ్గిపోతుంది.

5. మొదటి పెట్టె తెరిచి ఉంచండి. రెండోదానికి పాలిథిన్ బిగించి అన్ని అంచులా టేపు వేయండి. మూడోదానికి గాజు పెట్టి దానికీ చుట్టూ టేపు వేయండి. చిన్న సందు ఉన్నా వేడి గాలి అందులోంచి పోతుంది.

6. మూడింటినీ నీడలో పది నిమిషాలు ఉంచండి. రీడింగులు అర డిగ్రీ తేడాలోకి వచ్చాక మూడింటినీ ఒకేసారి ఎండలోకి తేవాలి. కింద థర్మోకోల్ వేయండి, ఎండకు కాలిన సిమెంటు నేల అడుగు నుంచి వేడెక్కిస్తుంది.

7. పెట్టెలను ఎండకు ఎదురుగా కొద్దిగా వాల్చండి. లోపల గోడల నీడ మూడింట్లోనూ ఒకేలా పడాలి.

8. మూడు నిమిషాలకోసారి, 30 నిమిషాల పాటు రాయండి. మూతలు తీయకండి, పెట్టెల మీదకు వంగి నీడ పడనీయకండి. మబ్బు అడ్డొస్తే ఆ సమయం రాసుకోండి.

9. పెట్టెలు చల్లారాక గాజునూ పాలిథిన్‌నూ అటూ ఇటూ మార్చి మళ్లీ చేయండి. తేడా మూతతోపాటు కదలాలి. పెట్టెతోపాటు కదిలితే లోపం పెట్టెలోనో థర్మామీటరులోనో ఉంది. పీరియడ్‌లో సమయం చాలకపోతే ఇది మర్నాడు అదే వేళకు చేయొచ్చు.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉదయం పదిన్నర నుంచి ఒంటిగంట మధ్య సమయం బాగుంటుంది. ఒంటిపూట బడుల రోజుల్లో ఎనిమిదిన్నరకే మొదలుపెట్టండి. ఏప్రిల్, మే మిట్టమధ్యాహ్నం పిల్లల్ని ఎండలో నిలబెట్టి రీడింగులు రాయించేంత అవసరం ఈ ప్రయోగానికి లేదు. అరగంట ఎండలో ఉన్న గాజును ఉత్త చేత్తో తీయనీయకండి.

ఎండ లేకపోతే 100 వాట్ల పాతరకం ఫిలమెంటు బల్బు గానీ హాలోజన్ గానీ పెట్టె నుంచి 30 సెం.మీ. దూరంలో పెట్టొచ్చు. ఎల్ఈడీ బల్బు కింద పెట్టి "ఏమీ రావట్లేదు" అనేవాళ్లు చాలామంది. 9 వాట్లతో పెట్టె వేడెక్కదు. ఒకే బల్బుతో రెండు పెట్టెలు పెడితే దూరంలో రెండు సెంటీమీటర్ల తేడా కూడా ఫలితాన్ని మార్చేస్తుంది కాబట్టి సగంలో పెట్టెల స్థానాలు మార్చి చూడటం తప్పనిసరి.

రీడింగులు సరిగ్గా వచ్చాయా?

గ్రాఫు గీయండి. గీత మొదట వేగంగా పైకి లేచి, తర్వాత మెల్లమెల్లగా చదునవ్వాలి. 30 నిమిషాలకూ ఇంకా లేస్తూనే ఉంటే మరో పావుగంట కొనసాగించండి. మంచి ఎండలో తెరిచిన పెట్టెకూ మూసిన పెట్టెలకూ మధ్య తేడా సాధారణంగా 10 డిగ్రీలు దాటుతుంది. రెండు మూడు డిగ్రీలే వచ్చిందంటే ముందు అంచుల టేపు చూడండి, తర్వాత ఫాయిల్ గొడుగు చూడండి. తెరిచిన పెట్టె రీడింగు ఎగుడుదిగుడుగా ఉంటే గాలి వీస్తోందని అర్థం. గోడ పక్కకు జరపండి.

ఇప్పుడు అసలు విషయం. గాజు పెట్టెకూ పాలిథిన్ పెట్టెకూ మధ్య తేడా చాలా తక్కువగా వస్తుంది. ఒక్కోసారి అసలు రాదు. ప్రయోగం చెడిందని అనుకోకండి. గాజు పరారుణ కిరణాలను ఆపుతుంది, పలచని పాలిథిన్ చాలావరకు పోనిస్తుంది. అయినా రెండు పెట్టెలూ దాదాపు ఒకేలా వేడెక్కాయంటే, ఆ వేడిలో పెద్ద వాటా లోపలి గాలిని బయటికి పోనివ్వకపోవడం వల్ల వచ్చిందే. 1909లో అమెరికా భౌతిక శాస్త్రవేత్త ఆర్.డబ్ల్యు. వుడ్ ఒక పెట్టెకు గాజు మూత, ఇంకోదానికి పరారుణాన్ని పోనిచ్చే రాతి ఉప్పు పలక పెట్టి చూసింది ఇదే. పైగా గాజు తన వంతుగా ఎండలో పదో వంతుకు పైగా అడ్డుకుంటుంది.

అంటే నర్సరీల్లో మొక్కలు పెంచే హరితగృహం వేడెక్కేది ప్రధానంగా గాలి కదలిక ఆగడం వల్ల. భూమికి అలాంటి మూత లేదు. భూమి నుంచి అంతరిక్షంలోకి వేడి వెళ్లే దారి కిరణాల రూపంలోనే. కాబట్టి ఈ పెట్టెలు చూపి "వాతావరణం ఇలాగే పనిచేస్తుంది" అని చెప్పకండి. మూడో పెట్టె పెట్టమన్నది గాలి ఆగడాన్నీ, పరారుణం ఆగడాన్నీ పిల్లలే విడదీసి చూస్తారనే. రెండు పెట్టెలతో ఆపేస్తే ఆ అవకాశం పోతుంది.

ప్రయోగం 2: వెలుతురును రానిచ్చి పరారుణాన్ని ఆపడం

దీనికి దూరం నుంచి కొలిచే టెంపరేచర్ గన్ కావాలి. కరోనా రోజుల్లో నుదుటికి గురిపెట్టిన రకం కాదు. వాటిలో చాలావరకు శరీర ఉష్ణోగ్రతల దగ్గర మాత్రమే పనిచేస్తాయి, మిగతాచోట్ల "లో" అనో "హై" అనో చూపి ఊరుకుంటాయి. మైనస్ 50 నుంచి మొదలయ్యే పారిశ్రామిక రకం తీసుకోండి. స్కూల్లో లేకపోతే ఏసీ మెకానిక్‌ల దగ్గర ఉంటుంది, ఒక పూటకు అడిగి తెచ్చుకోవచ్చు.

1. స్టీలు గ్లాసు చుట్టూ నల్ల చార్టు బిగుతుగా అతికించండి. మెరిసే స్టీలును నేరుగా కొలిస్తే గన్ తప్పు చూపిస్తుంది, మరిగే నీళ్లున్నా గది ఉష్ణోగ్రతకు దగ్గర్లో ఏదో అంకె వస్తుంది. "మా గన్ పాడైంది" అనేవాళ్లలో సగం మంది సమస్య ఈ మెరుపే.
2. గ్లాసులో 70, 80 డిగ్రీల నీళ్లు పోయండి. ఇది పెద్దవాళ్లు చేయాల్సిన పని.
3. గన్‌ను 15 సెం.మీ. దూరం నుంచి గ్లాసు పక్క భాగానికి గురిపెట్టండి, రీడింగు రాయండి. పైనుంచి నీళ్లకు గురిపెడితే ఆవిరి గన్ కంటి మీద పడుతుంది.
4. మధ్యలో పాలిథిన్ పట్టుకుని మళ్లీ కొలవండి. కొద్దిగా తగ్గుతుంది, అంతే.
5. పాలిథిన్ తీసి గాజు పెట్టండి. గ్లాసు కంటికి స్పష్టంగా కనపడుతూనే ఉంటుంది. గన్ మాత్రం గది ఉష్ణోగ్రతకు దగ్గరగా పడిపోతుంది. అది చూసేది గాజు వేడిని, వెనకున్న గ్లాసును కాదు.
6. నల్ల చెత్త కవరు ఒక పొర పెట్టి చూడండి. కంటికి ఏమీ కనపడదు, గన్‌కు వేడి చాలావరకు కనపడుతుంది.

అయిదో మెట్టు, ఆరో మెట్టు పక్కపక్కనే చూసిన పిల్లలకు "వెలుతురును రానిచ్చి వేడిని ఆపడం" అన్న మాటను మళ్లీ వివరించే పని ఉండదు. గాజును గ్లాసుకు ఆనించి ఎక్కువసేపు ఉంచితే గాజే వేడెక్కి రీడింగు పెరుగుతుంది కాబట్టి రెండు మూడు సెకన్లలో కొలిచేయాలి.

ఇదే గన్‌తో బెలూన్లో కార్బన్ డయాక్సైడ్ నింపి కొలుద్దామని ప్రయత్నించకండి. మామూలు గన్‌లు 8 నుంచి 14 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కిరణాలనే చూస్తాయి. కార్బన్ డయాక్సైడ్ గట్టిగా పీల్చుకునేవి 4.3 దగ్గర, 15 దగ్గర ఉన్నవి. గన్‌కు ఆ గ్యాస్ దాదాపు కనపడదు.

ప్రయోగం 3: ఆకాశాన్ని కొలవడం

మూడింట్లోనూ దీన్ని తప్పక చేయమంటాం. ఖర్చు లేదు, నమూనా లేదు, నిజమైన వాతావరణాన్నే కొలుస్తున్నారు.

1. పొద్దుగూకిన గంట తర్వాత మేడ మీదకో మైదానంలోకో వెళ్లండి. గన్‌ను పావుగంట బయట గాలికి అలవాటు పడనివ్వండి, ఏసీ గదిలోంచి తెచ్చి వెంటనే కొలిస్తే అంకెలు తప్పుతాయి.
2. నిట్టనిలువుగా నడినెత్తి మీదకు గురిపెట్టి అయిదు రీడింగులు తీసి సగటు రాయండి. కొమ్మలు, కరెంటు తీగలు, నీళ్ల ట్యాంకు అడ్డం లేకుండా చూసుకోండి.
3. సగం వాల్చి ఒకసారి, దిక్కుల అంచుకు కొంచెం పైగా ఒకసారి కొలవండి.
4. మబ్బు ఉంటే మబ్బుకూ, పక్కనున్న తేట ఆకాశానికీ వేరువేరుగా కొలవండి.
5. పక్కన గాలి ఉష్ణోగ్రత, తేమ శాతం రాయండి. రెండు వారాలు అదే వేళకు చేయండి.

పగలు చేయాల్సి వస్తే భవనం నీడలో నిలబడి, సూర్యుడికి దూరంగా ఉన్న ఆకాశం వైపే చూపండి. సూర్యుడి మీదకు ఎప్పుడూ గురిపెట్టకండి, కళ్లకూ గన్‌కూ ప్రమాదం.

పొడిగా ఉన్న చలికాలపు తేట రాత్రి నడినెత్తి రీడింగు సున్నాకు బాగా దిగువన పడటం మామూలే. వానాకాలంలో, సముద్ర తీరంలో అది చాలా పైకి వస్తుంది. మబ్బు అడ్డొస్తే ఒక్కసారిగా ఎగురుతుంది. అంచుకు దగ్గరవుతున్నకొద్దీ రీడింగు పెరగాలి, ఎందుకంటే ఆ వైపు గన్ చూసే గాలి మందం ఎక్కువ. పెరగలేదంటే ఏదో అడ్డం ఉంది. అన్నిచోట్లా "లో" అని వస్తే గన్ పరిధి చాలలేదు.

గన్‌కు కనపడుతున్నది పైనుంచి దిగివస్తున్న పరారుణమే. గాలి ఏమీ వదలకపోతే గన్ ఎప్పుడూ తన అట్టడుగు అంకెనే చూపేది. ఇక్కడ మీరు కొలుస్తున్నది ముఖ్యంగా నీటి ఆవిరి, మబ్బుల వాటా అని చార్టు మీద స్పష్టంగా రాయండి. మబ్బు పట్టిన రాత్రి ఉక్కపోయడానికీ, తేట రాత్రి తెల్లవారుజామున చలి పుట్టడానికీ ఉన్న కారణాల్లో ఇదొకటి.

సీసాల ప్రయోగం సంగతి

వెనిగర్, వంట సోడా కలిస్తే చల్లబడతాయి. కొలిచే సీసాలోనే కలిపితే అది వెనకబడే మొదలవుతుంది, ఫలితం తిరగబడటానికి ఎక్కువగా కారణం ఇదే. దాన్ని సరిచేసినా ఇంకో చిక్కు ఉంది. ప్లాస్టిక్ సీసా గోడే పరారుణాన్ని ఆపేస్తుంది, లోపల ఏ గ్యాస్ ఉన్నా సరే. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌నంతా విడదీసి నేల మీద పరిస్తే సుమారు మూడున్నర మీటర్ల మందం వస్తుంది, మీ సీసా వెడల్పు పది సెంటీమీటర్లు. మూతి తెరిచిన పాత్రల్లో తేడా కనిపించేది కార్బన్ డయాక్సైడ్ గాలికన్నా బరువు కావడం వల్ల. అది అడుగున నిలిచి, బయటి గాలితో కలవడాన్ని తగ్గిస్తుంది. 2010లో అమెరికన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్‌లో వచ్చిన ఒక పరిశోధనలో, పరారుణాన్ని పీల్చుకోని ఆర్గాన్ వాడినా దాదాపు అదే ఫలితం వచ్చింది.

1856లో అమెరికా శాస్త్రవేత్త యూనిస్ ఫుట్ 30 అంగుళాల గాజు గొట్టాల్లో గ్యాస్ నింపి ఎండలో పెట్టారు కదా అని కొందరు అడుగుతారు. కార్బన్ డయాక్సైడ్ గొట్టం ఎక్కువ వేడెక్కిందని మొదట రాసింది ఆమే, ఆ పేరు పిల్లలకు తెలియాలి. కానీ ఆ ఏర్పాటుతో ఎండనూ నేల వదిలే పరారుణాన్నీ విడదీయడం కుదరదు. ఆ కొలత 1859లో భౌతిక శాస్త్రవేత్త జాన్ టిండాల్ చేశారు.

స్కూలు నియమం ప్రకారం సీసాలే పెట్టాలంటే:

- గ్యాస్‌ను వేరే సీసాలో తయారు చేయండి. 4 శాతం వెనిగర్ 150 మి.లీ., తలకొట్టిన రెండు టీస్పూన్ల వంట సోడా (9, 10 గ్రాములు) కలిస్తే రెండు లీటర్లకు పైగా గ్యాస్ వస్తుంది. ఒక లీటరు సీసా నింపడానికి అది సరిపోతుంది. బేకింగ్ పౌడర్ వేరు, అది వద్దు.
- వెనిగర్ లేకపోతే నిమ్మ ఉప్పు 8 గ్రాములు 150 మి.లీ. నీళ్లలో కలిపి వాడండి.
- సోడాను టిష్యూ కాగితంలో పొట్లం కట్టి వేయండి, మెల్లగా పొంగుతుంది. పైపు కోసం కొత్త సెలైన్ పైపు చాలు. దాని చివర రెండో సీసా అడుగును తాకాలి.
- పైపు మూసుకుపోయిన సీసాకు మూత బిగించడం ప్రమాదం, పేలుతుంది.
- నిండిందో లేదో చూడటానికి వెలిగించిన అగ్గిపుల్లను మూతి దగ్గరకు తెండి, ఆరిపోవాలి. లేదా కొద్దిగా గ్యాస్‌ను సున్నపు తేటలోకి పంపండి, పాలలా మారాలి.
- గాలి ఉన్న సీసాలోనూ, గ్యాస్ ఉన్నదానిలోనూ ఒక్కో స్పూన్ నీళ్లు వేసి తేమ సమానం చేయండి. రెంటికీ మూత గట్టిగా బిగించి, ఉష్ణోగ్రతలు కలిసేదాకా ఆగి, అప్పుడు ఎండలో పెట్టండి. సగంలో చోట్లు మార్చండి.

ఇంత చేశాక తేడా దాదాపు సున్నా రావచ్చు. వచ్చిన అంకెనే రాయండి, కావాలని దిద్దకండి.

న్యాయనిర్ణేతలు అడిగేవి

"ఇందులో కార్బన్ డయాక్సైడ్ ఏదీ?" అంటే: పెట్టెల్లో లేదు, ఆకాశం రీడింగులో దాని వాటా ఈ గన్‌కు సరిగా చిక్కదు, దాన్ని కొలవడానికి 15 మైక్రోమీటర్ల దగ్గర చూసే పరికరం కావాలి. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లున్నది ఇప్పుడు 420 దాటిందని చెప్పొచ్చు.

"ఓజోన్ పొర చిల్లు వల్లే కదా వేడి?" అనీ అడుగుతారు. కాదు. ఓజోన్ పొర అడ్డుకునేది సూర్యుడి నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలను, ఈ ప్రయోగాలన్నీ నేల నుంచి వెళ్లే పరారుణం గురించి. చార్టు మీద రెండింటినీ ఒకే బొమ్మలో గీయకండి. అలాగే పరారుణం గ్యాస్‌కు తగిలి బంతిలా వెనక్కి వచ్చినట్టు బాణం గీయడం కూడా తప్పు. గ్యాస్ లోపలికి ఒక బాణం, దాని నుంచి అన్ని వైపులకూ చిన్న బాణాలు గీయించండి.